రక్తం తక్కువంటే ఏం తక్కువ?

నెలలో తొమ్మిదో తారీఖు వస్తే మహబూబాబాద్ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వరండాలు గర్భిణులతో నిండిపోతాయి. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు తండాల నుంచి, గూడేల నుంచి ఆశా కార్యకర్తలు వాళ్లను ఆటోల్లో వెంటబెట్టుకొని వస్తారు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి దేశమంతటా ఆ రోజును గర్భిణుల పరీక్షలకే కేటాయించారు. బరువు, బీపీ, మూత్రం, కడుపు కొలత చూశాక వేలి కొస మీద చిన్న పోటు. నెత్తురు బొట్టు పట్టీ మీద పడుతుంది, మిషన్ ఒక అంకె చూపిస్తుంది: 8.2. "రక్తం తక్కువున్నది బిడ్డా, గోలీలు మింగుతున్నవా లేదా?" అని నర్సమ్మ అడుగుతుంది. పిల్ల తల ఊపుతుంది. కార్డులో అంకె ఎక్కుతుంది, గోలీలు చేతికొస్తాయి, వరుస ముందుకు జరుగుతుంది.

"రక్తం తక్కువ" అన్నంత సులువుగా తెలంగాణ పల్లెల్లో నోట నానే రోగం పేరు ఇంకొకటి లేదు. అత్తకూ తక్కువే, కోడలికీ తక్కువే. 2019-20లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకుముందు సర్వేలో అది 48.2 శాతం. ఊళ్లో సగం మందికి ఉన్నది రోగమనిపించదు, ఒంటి తీరే అంత అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయదు. వాటిని విడదీసి దేని పేరు దానికి పెట్టడం కాగితాల పనిగా కనిపిస్తుంది గాని, తల్లీబిడ్డల ప్రాణాలు ఆ పనిమీదే నిలుస్తాయి.

ముందు ఆ అంకె సంగతి. నెల తప్పిన తర్వాత ఒంట్లో రక్తం పెరుగుతుంది. అయితే అందులోని నీటిభాగం దాదాపు సగం మేర పెరిగితే, ఎర్రకణాలు అంతకంటే తక్కువ మోతాదులో పెరుగుతాయి. పులుసులో నీళ్లు ఎక్కువ పోసినట్టు రక్తం పలచబడుతుంది. అందుకే మామూలు ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, గర్భిణులకు 11 చాలంటుంది. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే తగ్గితే తీవ్రం. పలచన ఎక్కువగా ఉండే నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు గీతను 10.5కు దించుతూ ఆ సంస్థ 2024లో మార్గదర్శకాలు మార్చింది. గీత అర పాయింటు జరిగితే నిన్న రోగి అయిన మనిషి ఇవాళ ఆరోగ్యవంతురాలవుతుంది. ఆమె ఒంట్లో నెత్తురు మాత్రం నిన్నటిదే. గీతలు ప్రకృతి గీసినవి కావు, చాలామంది తల్లుల లెక్కలు చూసి మనుషులు గీసుకున్నవి. అలాగని అవి ఉత్తవీ కావు. 7 కంటే తగ్గితే కార్డు మీద ఎర్ర స్టిక్కర్ పడుతుంది, ఆమె హైరిస్క్ గర్భిణి అవుతుంది. 7.1 ఉన్న పిల్లకు అది పడదు. గీతకు ఈ పక్కన కాస్తలో మిగిలిపోయిన ఆ పిల్ల గురించే ఎక్కువ ఆలోచించాలి.

స్టిక్కర్లకూ ఒక భాష ఉంది. ఆకుపచ్చ అంటే ముప్పేమీ కనబడలేదని. ఎరుపు అంటే ముప్పు ఎక్కువని. గర్భంతో వచ్చిన బీపీకి నీలం. చక్కెర జబ్బు, థైరాయిడ్ వంటివి తోడైతే పసుపు. చదువురాని అత్తకు కూడా రంగు చూస్తే అర్థమవుతుందని పెట్టిన ఏర్పాటు ఇది, మంచి ఏర్పాటు. ఇరవై ఏళ్లు నిండని తొలుచూరు, ముప్పై ఐదు దాటిన వయసు, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, ముందు కాన్పులో ఆపరేషన్, నెగెటివ్ బ్లడ్ గ్రూపు కూడా ముప్పు కిందికే వస్తాయి.

ఇక ఆ నాలుగు జబ్బులు. అందరికీ తెలిసింది ఇనుము లోటు. తిండిలో ఇనుము చాలకపోవడం, కడుపులో నులిపురుగులు, కాన్పుకు కాన్పుకు మధ్య ఎడం లేకపోవడం దీనికి కారణాలు. ఎర్రకణాలు చిన్నబోతాయి, పాలిపోతాయి. సర్కారు దవాఖానలో ఇచ్చే గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మలం నల్లబడుతుంది. దాంతో చాలామంది గోలీలను దిండు కింద దాచేస్తారు. వేసుకున్నవాళ్లలోనూ కొందరు చాయ్‌తో కలిపి మింగుతారు. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పేగుల్లోకి ఇంకనివ్వవు. కాల్షియం గోలీతో కలిపి వేసుకున్నా అంతే, రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతోనో, ఒక ఉసిరికాయతోనో వేసుకుంటే అదే గోలీ బాగా పనిచేస్తుంది. ఈ నాలుగు మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. తొమ్మిదో తారీఖున ఆ వరండాలో ఆ రెండు నిమిషాలే దొరకవు.

రెండోది ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ల లోటు. ఇక్కడ ఎర్రకణాలు చిన్నబోవు, ఉబ్బిపోతాయి. దీన్ని వేరే జబ్బుగా పట్టుకున్న కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల పాండురోగాన్ని పరిశీలించింది. కాలేయపు సారంతో అది నయమైంది. ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవకైన ముద్దతోనూ నయమైంది. అందులో ఏదో ఉందని తెలుసు, ఏముందో తెలియదు. చాలాకాలం దాన్ని విల్స్ కారకం అన్నారు. అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పేగులు చెడి, తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనా దాని బారిన పడి బతికి బయటపడ్డాడు. తండాలో పిల్ల దిండు కింద దాచే ఆ గోలీలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఒక తెలుగువాడి ఇంటి దుఃఖం, కష్టం కలిసిన మందు అది. ఆ సంగతి చెప్పి ఇస్తే ఆ గోలీకి ఇంకాస్త విలువ పెరుగుతుందేమో.

అసలు చిక్కు మూడోదైన తలసీమియా, నాలుగోదైన సికిల్ సెల్. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. లంబాడా తండాలు అడుగడుగునా కనిపిస్తాయి. తెలంగాణ లంబాడాల్లో బీటా తలసీమియా జన్యువు ఉన్నవారు, కోయ, గోండు గూడేల్లో సికిల్ సెల్ జన్యువు ఉన్నవారు ఉంటారని వైద్యులకు ఎరుకే. ఈ జన్యువులు పట్టి పల్లార్చడానికి వచ్చినవి కావు. ఒక్క పాలు మాత్రమే ఉంటే, మలేరియా నుంచి మనిషిని కాపాడతాయి. దోమలున్న నేలల మీద తరాల తరబడి బతికినవాళ్లలో అవి నిలిచిపోవడానికి కారణం అదే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాళ్లూ ఒకే బిడ్డకు చేరినప్పుడే అసలు కష్టం.

తలసీమియా ఒక పాలు ఉన్న తల్లికి పైకి ఏ బాధా ఉండదు. హిమోగ్లోబిన్ మాత్రం 9 దగ్గర, 10 దగ్గర ఆగిపోతుంది. ఇనుము లోటు లేకుండా అది ఆగిపోయినప్పుడు గోలీలు ఎన్ని మింగినా పైకి రాదు. నర్సమ్మ ఆమె గోలీలు పారేస్తోందనుకుంటుంది. ఇంట్లోవాళ్లు తిండి తినట్లేదని తిడతారు. చేయని తప్పుకు ఆ పిల్ల తొమ్మిది నెలలూ మాటలు పడుతుంది. మైక్రోస్కోపు కింద ఆమె ఎర్రకణాలూ ఇనుము లోటు కణాల్లాగే చిన్నగా ఉంటాయి. తేడా పట్టడానికి ఒక చిన్న లెక్క ఉంది. 1973లో విలియం మెంట్జర్ అనే వైద్యుడు చెప్పాడు దాన్ని. కణం సగటు పరిమాణాన్ని ఎర్రకణాల సంఖ్యతో భాగించండి. 13 కంటే తక్కువ వస్తే తలసీమియాను అనుమానించండి, ఎక్కువ వస్తే ఇనుము లోటును. రక్తకణాల లెక్క తీసే మిషన్ ఇచ్చే కాగితంలోనే ఆ రెండు అంకెలూ ఉంటాయి. అది అనుమానానికే. ఖాయం చేసుకోవడానికి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కావాలి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటిందా లేదా చూస్తారు. ఒక్కోసారి ఇనుము లోటు, తలసీమియా రెండూ ఒకే మనిషిలో ఉంటాయి కాబట్టి ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చూడందే గోలీలు ఆపకూడదు.

ఇంతవరకు తల్లి సంగతి. ఆమెలో తలసీమియా పాలు కనబడితే, వెంటనే పరీక్ష చేయాల్సింది ఆమె భర్తకు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో, బిడ్డ జీవితాంతం రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సి రావచ్చు. మూడో నెలలోనే తెలిస్తే మాయ నుంచి ముక్క తీసి పరీక్షించి దంపతులు ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది. ఎనిమిదో నెలలో తెలిస్తే ఏమీ మిగలదు. సికిల్ సెల్ విషయానికొస్తే, కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు వారికి పరీక్షలు చేసి కార్డులు ఇవ్వడం అందులో ముఖ్యమైన పని. భూపాలపల్లి జిల్లా అడవుల్లోని మహాముత్తారం, పలిమెల గూడేల్లో ఆ కార్డు, గర్భిణి కార్డు ఒకే చేతి సంచిలో ఉంటే వైద్యులకు సగం పని తప్పుతుంది.

ఈ జబ్బులకు ప్రపంచమంతా కలిసి పెట్టుకున్న అంకెలున్నాయి. పందొమ్మిదో శతాబ్దిలో ఇంగ్లండులో మరణాల లెక్కలు రాసిన విలియం ఫార్, 1893లో పారిస్ గణాంకశాఖ నుంచి జాక్ బెర్టిలాన్ వేసిన బాటలో, 1900లో మొదటి అంతర్జాతీయ వ్యాధుల పట్టిక వచ్చింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేపట్టింది. ఇప్పటిది పదకొండో కూర్పు, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా ఆస్పత్రుల్లో అలవాటైంది పదో కూర్పే. అందులో ఇనుము లోటు డీ 50, బీ12 లోటు డీ 51, ఫోలిక్ లోటు డీ 52, తలసీమియా డీ 56, సికిల్ సెల్ డీ 57. అదే మనిషి గర్భిణి అయితే వీటన్నిటికీ మొదట పడే అంకె ఒక్కటే, ఓ 99.0. అంటే గర్భానికి తోడైన రక్తహీనత. దాని పక్కన రెండో అంకె రాయవచ్చు, రాయాలి కూడా. రాసే తీరిక లేకపోతే నాలుగు జబ్బులూ మళ్లీ ఒక్కటైపోతాయి. తండాలో "రక్తం తక్కువ", ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఓ 99.0. విడదీసే పరీక్ష చేయనంతకాలం రెండు మాటలకూ తేడా లేదు.

బీపీ విషయంలో పేరు మారితే ఎంత మారుతుందో చూడాలంటే గుర్రపువాతం దగ్గరికి రావాలి. ముఖం ఉబ్బి, తల పగిలిపోయేలా నొప్పి వచ్చి, కళ్లు మసకబారి, గర్భిణి ఒక్కసారిగా కొట్టుకుంటూ స్పృహ తప్పేదాన్ని పల్లెల్లో ఆ పేరుతోనే అంటారు. పూర్వం గాలి సోకిందని భూతవైద్యుణ్ని పిలిచేవారు. ఇరవై వారాల తర్వాత బీపీ 140/90 దాటడం, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడం. చాలాకాలం ఈ రెండూ కలిస్తేనే దాని ముందు దశ అన్నారు. మూత్రం పట్టీ మామూలుగా ఉందని ఇంటికి పంపిన కొందరికి ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. 2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఆ షరతు తీసేసింది. ప్రొటీన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు పడిపోవడం, కాలేయం దెబ్బతినడం, తీవ్రమైన తలనొప్పి వంటివి ఉంటే జబ్బు అదేనంది. నిర్వచనంలో ఒక్క షరతు పోవడంతో ఎందరో తల్లులు జబ్బు లెక్కలోకి, అంటే వైద్యం అందే చోటికి వచ్చారు.

దీని మందు చవక. మెగ్నీషియం సల్ఫేట్. 2002లో అచ్చయిన మాగ్‌పై పరిశోధన, ఆ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. మన దేశంలో ఉపకేంద్రంలోని ఏఎన్ఎం కూడా రెండు పిరుదులకు ఐదేసి గ్రాముల చొప్పున మొదటి మోతాదు ఇచ్చి పెద్దాస్పత్రికి పంపవచ్చు. భూపాలపల్లి జిల్లాకు ఈ వెసులుబాటు ఎంత అవసరమో మ్యాపు చూస్తే తెలుస్తుంది. జనగామకు కాజీపేట, హైదరాబాద్ రైలు మార్గం ఉంది. మహబూబాబాద్‌కు విజయవాడ లైను ఉంది. భూపాలపల్లికి రైలు లేదు. గోదావరి ఒడ్డున పలిమెల నుంచి జిల్లా కేంద్రానికి రావాలంటేనే అడవి దాటాలి, అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి చేరడం మరో ప్రయాణం. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసినప్పుడు అక్కడివాళ్లు ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. వానకాలంలో నెలలు నిండిన తల్లులను వాగులు రాకముందే ఆస్పత్రి ఉన్న ఊరికి తరలించమని అధికారులు ఏటా చెబుతారు. వైద్యగ్రంథాల్లో వాగుకు అంకె లేదు. కానీ భూపాలపల్లిలో ఆషాఢం, శ్రావణం కూడా ఒక ముప్పే, ఆ నెలల్లో నిండే గర్భానికి స్టిక్కర్ రంగు మార్చినా తప్పులేదు.

జనగామలో ముప్పు మరో రూపంలో ఉంటుంది. అక్కడ రోడ్డు ఉంది, రైలుంది, 2023 నుంచి వైద్య కళాశాల ఉంది. భూపాలపల్లి కళాశాల కూడా ఆ ఏడాదే తెరిచారు, మహబూబాబాద్‌ది అంతకు ఏడాది ముందే. దారి దగ్గరైతే కోత కూడా దగ్గరైంది. ఐదో కుటుంబ సర్వే నాటికి తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ప్రైవేటులో 81.5 శాతం. ముహూర్తం చూసి కోయించుకునే వేలంవెర్రి సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే. కోత ఒక్కోసారి ప్రాణం నిలుపుతుంది, అందులో సందేహం లేదు. కానీ మొదటి కోత మచ్చ మీద రెండో కాన్పులో మాయ అతుక్కుపోవచ్చు. మాయ కిందికి ఉన్న తల్లుల్లో ఒక కోత అయినవారిలో 11 శాతం మందికి, రెండు అయినవారిలో 40 శాతం మందికి అలా జరిగిందని 2006లో అమెరికా పరిశోధన తేల్చింది. అప్పుడు నెత్తురు వరద ఆపడానికి గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. తల్లులను పది గుంపులుగా విడదీసి, ఏ గుంపులో కోతలు పెరుగుతున్నాయో చూపే పద్ధతిని మైఖేల్ రాబ్సన్ 2001లో చెప్పాడు. అవసరమైన కోతను, అక్కర్లేని కోతను వేరుచేసి చూడటానికి ఇంతకంటే సూటి దారి లేదు. మామూలు కాన్పులు చేయించే మిడ్‌వైఫ్‌లకు శిక్షణ 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో మొదలైంది. మొదటి కాన్పు కోత లేకుండా జరిగితే రెండో కాన్పు నాటి ముప్పు పుట్టకుండానే పోతుంది.

ఇన్ని జాగ్రత్తల ఫలితం లెక్కల్లో కనబడుతోంది. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2014-16లో తెలంగాణలో 81 ఉంటే, 2018-20 నాటికి 43కు దిగాయి. అయితే ఆ మరణాల కాగితంలోనూ పేరు చిక్కు ఉంది. కాన్పులో ముప్పావు లీటరు నెత్తురు పోయిందనుకుందాం. 12 ఉన్న తల్లి తట్టుకుంటుంది. 6 ఉన్న తల్లి తట్టుకోలేకపోవచ్చు. కాగితంలో కారణం "కాన్పు తర్వాత రక్తస్రావం", ఓ 72. రక్తహీనత తోడుగా నిలిచిన కారణం మాత్రమే. తొమ్మిది నెలలు ఆమెను నీరసింపజేసింది పక్క గడిలోకి జారుకుంటుంది. అందుకే ఊళ్లో తల్లి చనిపోతే ఇంటికి వెళ్లి, ఎప్పుడు నొప్పులొచ్చాయి, ఎవరిని పిలిచారు, బండి ఎంతసేపటికి వచ్చింది అని అడిగి రాసే సమీక్ష ఉంది. ఆ ఇంటి అరుగు మీద వినేది ఏ పట్టికలోనూ పట్టదు.

మరో సంగతి మన ఇళ్లది. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్ల అత్తగారి తండా నుంచి పుట్టింటి తండాకు వెళ్తుంది. మండలం మారుతుంది, ఏఎన్ఎం మారుతుంది, ఒక్కోసారి జిల్లాయే మారుతుంది. హైరిస్క్ గర్భిణిని కాన్పు తర్వాత 45వ రోజు దాకా పేరుపేరునా వెంటాడి చూడాలని 2022లో నిబంధన వచ్చింది. బాలింత మరణాన్ని మాతృ మరణంగా లెక్కించే గడువు 42 రోజులు. ఆ రోజుల్లో ఎక్కువ భాగం ఆమె పుట్టింట్లోనే ఉంటుంది. అప్పుడు గూడూరులో ఉన్న ఆశా కార్యకర్త బయ్యారంలో ఉన్న ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తుంది. "అక్కా, మా పిల్ల మీ దిక్కొచ్చింది. కార్డు సంచిలనే ఉన్నది. పోయిన నెల ఎనిమిది పాయింట్ రెండు. గోలీలు మంచిగనే మింగింది, అయినా పెరగలే. వాళ్లాయనకు కూడా రక్తం తీయించమని సారుకు చెప్పు."